కాపడం, ఐసు, కరెంటు: ఫిజికల్ థెరపీలో ఏది ఎంతవరకు?

ఇండియా నుంచి ఆరు నెలలకి వచ్చిన అమ్మగారికో, అత్తగారికో మోకాళ్ళ నొప్పులు. ఇక్కడి చలికి అవి ఇంకాస్త ఎక్కువయ్యాయి. అపాయింట్‌మెంట్ తీసుకుని, ఆఫీసుకి సగం రోజు సెలవు పెట్టి, ఫిజికల్ థెరపిస్టు దగ్గరికి తీసుకువెళ్తాం. ముప్పావు గంట తర్వాత బయటికి వచ్చిన ఆవిడ మొహంలో అసంతృప్తి. "ఇదేం వైద్యం నాయనా! కుర్చీలో కూర్చోమంది, లేవమంది, మెట్టు ఎక్కమంది. ఒక్క మిషనూ పెట్టలేదు. మన ఊళ్ళో అయితే పది రోజులు కరెంటు పెట్టేవాళ్ళు" అంటారు. మనకీ లోపల ఎక్కడో అదే సందేహం. ఇంత కోపే కట్టింది ఇంట్లో చేసుకోగలిగే ఎక్సర్‌సైజుల కోసమేనా?

ఈ సందేహానికి సమాధానం చెప్పటమే ఈ వ్యాసం ఉద్దేశం. వేడి, చల్లదనం, విద్యుత్తు, ధ్వని తరంగాలు - వీటిని ఫిజికల్ థెరపీలో మోడాలిటీలు అంటారు. ఇవి శరీరంలో ఏం చేస్తాయి, ఏం చెయ్యలేవు, ఎవరికి ప్రమాదం, బిల్లులో ఎలా కనిపిస్తాయి అన్న విషయాలు ఒక్కొక్కటిగా చూద్దాం.

కొంచెం చరిత్ర

కాపడం మనకి కొత్త కాదు. ఉప్పు మూట, ఇసుక మూట, వేడి చేసిన ఇటుక, ఆముదం రాసి వెచ్చచేసిన జిల్లేడాకు, వావిలాకు వేసి కాచిన నీళ్ళు - ఇవన్నీ మన ఇళ్ళలో ఉన్నవే. అమెరికాలో ఫిజికల్ థెరపీ ఒక వృత్తిగా మొదలైంది మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో. గాయపడి వచ్చిన సైనికులకి మర్దన, వ్యాయామం, నీటి చికిత్స, విద్యుత్ చికిత్స చెయ్యటానికి 'రీకన్‌స్ట్రక్షన్ ఎయిడ్స్' పేరిట మహిళలకి శిక్షణ ఇచ్చారు. వారిలో ప్రముఖురాలు మేరీ మెక్‌మిలన్. 1921లో ఏర్పడిన వృత్తి సంఘానికి ఆవిడే మొదటి అధ్యక్షురాలు. అదే ఈనాటి అమెరికన్ ఫిజికల్ థెరపీ అసోసియేషన్.

తరువాత పోలియో వచ్చింది. పోలియో సోకిన పిల్లల కాళ్ళూ చేతులూ కదలకుండా చెక్కలతో, కట్లతో బిగించి ఉంచటం అప్పటి పద్ధతి. 1940లో ఆస్ట్రేలియా నుంచి అమెరికా వచ్చిన నర్సు సిస్టర్ ఎలిజబెత్ కెన్నీ ఆ కట్లు విప్పించింది. ఉన్ని దుప్పటి ముక్కల్ని మరుగుతున్న నీళ్ళలో ముంచి, గట్టిగా పిండి, పట్టేసిన కండరాలకి చుట్టేది. నొప్పి తగ్గాక ఆ కండరాలని మళ్ళీ కదిలించటం నేర్పేది. 1942లో మినియాపొలిస్‌లో ఆవిడ పేరు మీద ఒక చికిత్సా సంస్థ వెలిసింది. ఇందులో గమనించవలసింది ఏమిటంటే, ఆవిడ కాపడంతో ఆగిపోలేదు. కాపడం కదలికకి దారి తియ్యటం కోసమే. ఈ విషయం ముందు ముందు మళ్ళీ మనకి పనికొస్తుంది.

వేడి

వేడి తగిలినచోట రక్తనాళాలు విప్పారతాయి, రక్త ప్రసరణ పెరుగుతుంది, బిగుసుకున్న కండరాలు వదులవుతాయి, నొప్పి తెలియటం తగ్గుతుంది. కీలు చుట్టూ ఉన్న కణజాలం సాగే గుణం కూడా కొంత పెరుగుతుంది.

ఇక్కడి క్లినిక్కుల్లో వాడే హాట్ ప్యాక్ అంటే, నీళ్ళని పీల్చుకునే పొడి నింపిన కాన్వాసు సంచీ. దాన్ని సుమారు 160 నుంచి 165 డిగ్రీల ఫారెన్‌హీట్ నీళ్ళలో నానబెట్టి ఉంచుతారు. అంత వేడి నేరుగా తగిలితే చర్మం కాలిపోతుంది కాబట్టి, మధ్యలో ఆరు నుంచి ఎనిమిది పొరల తువ్వాళ్ళు వేసి 15 - 20 నిమిషాలు ఉంచుతారు. చేతి వేళ్ళ కీళ్ళనొప్పులకి కరిగించిన పారఫిన్ మైనం వాడతారు. చేతిని అందులో అనేకసార్లు ముంచి తీసి, గ్లవ్ లాగా పొర కట్టాక కవరు చుడతారు.

ఇలాంటి పైపై వేడి చర్మం కింద దాదాపు ఒక సెంటీమీటరు లోతు వరకే బాగా అందుతుంది. నడుము లోపలి కండరాల దాకా అది పోదు. అయినా నడుం నొప్పికి హాయిగా ఉంటుందంటే, కారణం చాలావరకు చర్మంలోని నరాల ద్వారా నొప్పి సంకేతాలు మందగించటం, కండరాలు సడలటం. ఇది తక్కువ విషయమేం కాదు. 2017లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజిషియన్స్ ఇచ్చిన మార్గదర్శకాలలో, కొత్తగా మొదలైన నడుం నొప్పికి మందులకన్నా ముందు ప్రయత్నించవలసిన వాటిలో పై కాపడం ఒకటి. అంటే అమ్మమ్మ పెట్టిన ఉప్పు మూటకి ఇక్కడి డాక్టర్ల సంఘం కూడా ఓటు వేసిందన్నమాట!

ఇండియాలో చాలామందికి తెలిసిన షార్ట్‌వేవ్ డయాథెర్మీ ఇంకా లోతుకి వెళ్తుంది. ఇది 27.12 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాలతో లోపలి కణజాలాన్నే వేడెక్కిస్తుంది. అమెరికా క్లినిక్కుల్లో దీని వాడకం ఇప్పుడు బాగా తక్కువ. శరీరంలో పేస్‌మేకర్ లాంటి పరికరాలు, వాటి తీగలు ఉన్నవారికి ఇది చాలా ప్రమాదకరం. మెదడులో స్టిమ్యులేటర్ తీగలు అమర్చినవారికి డయాథెర్మీ ఇవ్వటంవల్ల మెదడు దెబ్బతిని మరణాలు సంభవించాక, 2002లో ఎఫ్‌డిఎ ప్రత్యేకంగా హెచ్చరిక జారీ చేసింది.

ఐసు

చల్లదనం చేసే పని దీనికి వ్యతిరేకం. రక్తనాళాలు ముడుచుకుంటాయి, నరాలలో సంకేతాల వేగం తగ్గుతుంది, అక్కడ తిమ్మిరెక్కి నొప్పి తెలియదు. అందుకే బెణికిన చీలమండకి మొదటి రోజుల్లోనూ, మోకాలి ఆపరేషన్ తర్వాతా ఐసు పెడతారు.

తడి గుడ్డ మధ్యలో వేసి 10 నుంచి 20 నిమిషాలు చాలు. ఐసు పెట్టినప్పుడు ముందు చల్లగా, తర్వాత మంటగా, తర్వాత సలుపుగా అనిపించి, చివరికి మొద్దుబారుతుంది. మొద్దుబారగానే తియ్యాలి. అలాగే పెట్టుకుని నిద్రపోతే చర్మం దెబ్బతినవచ్చు. మోకాలికి బయటివైపు, కొంచెం కిందుగా ఒక నరం చర్మానికి చాలా దగ్గరగా వెళ్తుంది. అక్కడ ఎక్కువసేపు ఐసు బిగించి కడితే పాదం పైకి లేపలేని పరిస్థితి కూడా రావచ్చు.

'రైస్' అన్న సూత్రం మీరు వినే ఉంటారు. విశ్రాంతి, ఐసు, బిగుతైన కట్టు, కాలు ఎత్తులో పెట్టుకోవటం అన్న నాలుగింటి ఇంగ్లీషు మొదటి అక్షరాలు కలిపి అమెరికన్ డాక్టరు గేబ్ మర్కిన్ 1978లో తన పుస్తకంలో ప్రచారంలోకి తెచ్చాడు. అదే మర్కిన్ 2014 ప్రాంతంలో తన మాట సవరించుకున్నాడు. దెబ్బ తగిలినచోట వచ్చే వాపు, వేడి శరీరం మరమ్మత్తు చేసుకోవటంలో భాగమేననీ, ఐసు ఆ పనిని ఆలస్యం చెయ్యవచ్చుననీ చెప్పాడు. కాబట్టి ఐసు నొప్పి తగ్గించుకోవటానికే గాని, గాయం త్వరగా మానటానికి కాదు. నొప్పి భరించగలిగినంత ఉంటే ఐసు పెట్టకపోయినా నష్టం లేదు. మెల్లగా కదిలించటం మాత్రం మానకూడదు.

వేడా, ఐసా అన్న ప్రశ్నకి ఇంట్లో గుర్తుంచుకోదగ్గ సులువైన సూత్రం ఇది: కొత్త దెబ్బ, వాపు, ఎరుపు ఉంటే ఐసు. పాత నొప్పి, పట్టేసిన మెడ, ఉదయం లేవగానే బిగుసుకున్న కీళ్ళు అయితే వేడి. వాచి, వెచ్చగా ఉన్న కీలు మీద వేడి పెట్టకూడదు.

కరెంటు

నొప్పికి విద్యుత్తు వాడటం రోమన్ల కాలం నాటిది. మొదటి శతాబ్దంలో స్క్రిబోనియస్ లార్గస్ అనే రోమన్ వైద్యుడు తలనొప్పికీ, కీళ్ళవాతానికీ షాక్ కొట్టే సముద్రపు చేపని వాడమని రాశాడు. ఈనాటి పద్ధతికి శాస్త్రీయమైన పునాది పడింది మాత్రం 1965లో. రోనల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే ఇద్దరు 'గేట్ కంట్రోల్' సిద్ధాంతాన్ని ప్రతిపాదించారు. మోకాలు బల్లకి కొట్టుకుంటే వెంటనే అరచేత్తో రుద్దుకుంటాం కదా! ఆ రుద్దిన స్పర్శ పెద్ద నరాల ద్వారా వెన్నుపాముకి చేరి, నొప్పి సంకేతాలకి అడ్డుపడుతుందన్నది ఈ సిద్ధాంతం సారాంశం. 1967లో వాల్, విలియం స్వీట్ కలిసి నరాలకి కరెంటు ఇచ్చి నొప్పి తాత్కాలికంగా పోతుందని చూపించారు. ఇప్పుడు మందుల షాపులో ప్రిస్క్రిప్షన్ లేకుండా దొరికే చిన్న టెన్స్ యూనిట్ ఇందులోంచి పుట్టిందే.

క్లినిక్‌లో వాడే కరెంట్లు ముఖ్యంగా మూడు రకాలు.

మొదటిది టెన్స్. చర్మం మీద అంటించిన ప్యాడ్ల ద్వారా జిల్లుమనే కరెంటు వస్తుంది. సెకనుకి 80 - 120 స్పందనలైతే పైన చెప్పిన అడ్డుగోడ పద్ధతి. సెకనుకి పది లోపు అయితే శరీరం తనంతట తాను నొప్పి తగ్గించే రసాయనాలు విడుదల చేసుకుంటుంది. కరెంటు ఉన్నంతసేపు, ఆ తర్వాత కొద్దిసేపు ఉపశమనం ఉంటుంది. రోజూ ఒకే స్థాయిలో వాడుతుంటే శరీరం అలవాటు పడి ప్రభావం తగ్గవచ్చు.

రెండవది ఇంటర్‌ఫెరెన్షియల్. ఇండియాలో ఐఎఫ్‌టి అంటారు. ఉదాహరణకి 4000, 4100 హెర్ట్జ్ కరెంట్లు రెండిటిని అడ్డంగా దాటిస్తే, అవి కలిసినచోట 100 హెర్ట్జ్ స్పందన పుడుతుంది. చర్మానికి మంట తక్కువగా ఉంటుంది. చేసే పని మాత్రం టెన్స్ లాంటిదే, నొప్పి తగ్గించటం.

మూడవది కండరాన్ని బిగించే కరెంటు, దీన్ని ఎన్‌ఎంఇఎస్ అంటారు. మోకాలి మార్పిడి తర్వాత తొడ ముందు కండరం మెదడు మాట వినటం మానేస్తుంది. కాలు నిటారుగా లేపమంటే లేవదు. అప్పుడు ఈ కరెంటు ఆ కండరాన్ని బలంగా బిగేలా చేసి మళ్ళీ పనిలో పెడుతుంది. కొలరాడోలో 66 మంది మీద చేసిన అధ్యయనం 2012లో ప్రచురించారు. ఆపరేషన్ అయిన 48 గంటల నుంచి ఆరు వారాలపాటు రోజుకి రెండుసార్లు ఈ కరెంటు వాడినవారికి తొడ బలం, నడక మెరుగ్గా వచ్చాయి. మోడాలిటీలలో గట్టి ఆధారాలున్న వాడకం ఇది. జిల్లుమనిపించే టెన్స్, కండరం బిగించే ఎన్‌ఎంఇఎస్ ఒకటి కావని గుర్తుంచుకోండి.

మరి టెన్స్ సంగతి? ఫలితాలు మిశ్రమంగా ఉన్నాయి. దీర్ఘకాలిక నడుం నొప్పికి టెన్స్ ఉపయోగం రుజువు కాలేదంటూ 2012లో మెడికేర్ దానికి డబ్బు ఇవ్వటం ఆపేసింది. మోకాలి ఆర్థరైటిస్‌కి టెన్స్ వద్దని 2020లో వెలువడిన అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ మార్గదర్శకాలు గట్టిగానే చెప్పాయి. అవే మార్గదర్శకాలు వ్యాయామం, బరువు తగ్గటం, తాయ్ చీ చెయ్యాలని అంతే గట్టిగా చెప్పాయి. అయినా కొందరికి టెన్స్ పెట్టుకుంటే నడవగలిగేటంత హాయి వస్తుంది. మీ ఇంట్లో అలాంటివారు ఉంటే మానెయ్యమని చెప్పక్కరలేదు. అది పెట్టుకుని సోఫాలో కూర్చోకుండా, పెట్టుకుని నడవమనండి.

ధ్వని తరంగాలు

జెల్ రాసి చిన్న గుండ్రటి తలతో నెమ్మదిగా రుద్దేది అల్ట్రాసౌండ్. కడుపులో బిడ్డని చూసే స్కాన్‌కి, దీనికి సూత్రం ఒకటే అయినా పని వేరు. 1 మెగాహెర్ట్జ్ తరంగాలు లోతుకి, 3 మెగాహెర్ట్జ్ తరంగాలు పైపైకి వేడినిస్తాయి. దశాబ్దాలుగా వాడుతున్న ఈ చికిత్సకి ఆధారాలు ఎంతవరకు ఉన్నాయో 2001లో రాబర్ట్‌సన్, బేకర్ అనే పరిశోధకులు పరిశీలించారు. వారికి దొరికిన 35 అధ్యయనాలలో సరైన పద్ధతిలో చేసినవి పదే. ఆ పదింటిలో ఎనిమిది, మిషన్ ఆపి ఉంచి రుద్దినా ఫలితం అంతేనని తేల్చాయి. మిగిలిన రెండూ మణికట్టు నరం నొక్కుకోవటం, భుజంలో కాల్షియం పేరుకోవటం అన్న ప్రత్యేకమైన సమస్యలకి సంబంధించినవి.

2014లో వచ్చిన మార్పు

ఇప్పుడు అమ్మగారి ఫిర్యాదు దగ్గరికి వద్దాం. అనవసరమైన పరీక్షలు, చికిత్సలు తగ్గించటానికి అమెరికాలో 2012లో 'ఛూజింగ్ వైజ్లీ' అనే కార్యక్రమం మొదలైంది. అందులో భాగంగా 2014లో ఫిజికల్ థెరపీ అసోసియేషన్ అయిదు సూచనలు ప్రకటించింది. వాటిలో మొదటిదాని సారాంశం ఇది: రోగి స్వయంగా చేసే చికిత్సకి తోడ్పడటానికి అవసరమైతే తప్ప, రోగి ఊరికే పడుకుని తీసుకునే వేడి, ఐసు, కరెంటు లాంటివి వాడవద్దు. తాము వంద సంవత్సరాలుగా వాడుతున్న పరికరాల గురించి ఆ వృత్తివారే ఇలా చెప్పటం విశేషమే కదా!

కారణం స్పష్టం. మోకాలిలో అరిగిన గుజ్జుని ఏ కరెంటూ తిరిగి తీసుకురాదు. కాపడం తొడ కండరానికి బలం ఇవ్వదు. మెట్లు ఎక్కటానికి కావలసింది ఆ బలమే. మిషన్ కింద ఇరవై నిమిషాలు పడుకున్న రోజు హాయిగా ఉంటుంది, మర్నాటికి నొప్పి మళ్ళీ మామూలే. పైగా 'నన్ను బాగుచేసేది మిషను' అన్న నమ్మకం కుదిరితే, మనిషి కదలటం ఇంకా తగ్గిస్తాడు.

అలాగని ఇవి పనికిరానివని కాదు. షుగరు ఉన్నవారిలో ఎక్కువగా కనిపించే ఫ్రోజెన్ షోల్డర్‌లో, ముందు వేడి పెట్టి తర్వాత చెయ్యి సాగదీస్తే నొప్పి ఓర్చుకోవటం తేలిక. మోకాలి ఆపరేషన్ తర్వాత ఐసు, ఎన్‌ఎంఇఎస్ రెండూ ఉపయోగమే. సిస్టర్ కెన్నీ కాపడం లాగానే, వీటి తర్వాత కదలిక ఉండాలి. ఇండియాలో కూడా మంచి ఫిజియోథెరపిస్టులు ఈ మాటే చెప్తారు. మిషన్ అడిగేది ఎక్కువగా మనమే.

తప్పక పాటించవలసిన జాగ్రత్తలు

ఈ భాగాన్ని ముఖ్యంగా మీ పెద్దవాళ్ళకి చదివి వినిపించండి.

1. మధుమేహం వల్ల పాదాలలో స్పర్శ తగ్గినవారు వేన్నీళ్ళ బ్యాగు, హీటింగ్ ప్యాడ్, మరీ వేడి నీళ్ళ బకెట్ వాడకూడదు. కాలుతున్నట్టు తెలియదు, తెల్లారేసరికి బొబ్బలుంటాయి. షుగరు ఉన్నవారిలో ఆ పుండు మానటం ఎంత కష్టమో మనందరికీ తెలిసిందే. మంచి థెరపిస్టు వేడి పెట్టే ముందు స్పర్శ పరీక్ష చేస్తారు. చెయ్యకపోతే అడగండి.

2. బామ్ రాసిన చోట కాపడం పెట్టకూడదు. 1893లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు బొంబాయిలో ప్రారంభించిన అమృతాంజనం దగ్గర నుంచి, ఇక్కడి షాపుల్లో దొరికే క్రీముల దాకా మనకి బామ్ లేని ఇల్లు లేదు. మెంథాల్, మిథైల్ శాలిసిలేట్, కాప్సైసిన్ ఉన్న క్రీములతో చర్మం కాలిన సంఘటనల గురించి 2012లో ఎఫ్‌డిఎ హెచ్చరించింది. వాటి మీద వేడి తగలనివ్వవద్దని చెప్పింది.

3. హీటింగ్ ప్యాడ్ పెట్టుకుని నిద్రపోకండి. దాని మీద పడుకోకండి.

4. నొప్పి మందు ప్యాచ్ అంటించుకున్నవారు దాని మీద వేడి పెట్టకూడదు. మందు ఒక్కసారిగా ఒంట్లోకి పోతుంది. ఇన్సులిన్ తీసుకున్న చోట వేడి పెట్టినా అంతే.

5. పేస్‌మేకర్, డీఫిబ్రిలేటర్ ఉన్నవారు డాక్టరుని అడగకుండా ఏ కరెంటూ పెట్టించుకోకూడదు. గొంతు ముందు భాగంలోనూ, ఛాతీకి అడ్డంగానూ ఎవరూ ప్యాడ్లు పెట్టకూడదు.

6. గర్భిణులు, క్యాన్సర్ ఉన్నవారు, కాలి సిరలో రక్తం గడ్డకట్టినవారు ముందుగానే థెరపిస్టుకి చెప్పాలి. పిక్క ఒక్కసారిగా వాచి, వెచ్చగా, నొప్పిగా ఉంటే కాపడం పెట్టకుండా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

7. చలికి వేళ్ళు తెల్లబడేవారు, చల్లదనానికి దద్దుర్లు వచ్చేవారు, కాళ్ళలో రక్త ప్రసరణ సరిగా లేనివారు ఐసు వాడకూడదు.

ఒడిలో లాప్‌టాప్ పెట్టుకుని గంటలకొద్దీ పనిచేసే మనవాళ్ళకి ఇంకొక మాట. తక్కువ వేడి అయినా రోజూ ఒకేచోట తగిలితే తొడ మీద వల లాంటి గోధుమ రంగు మచ్చలు వస్తాయి. హీటింగ్ ప్యాడ్ ఎక్కువగా వాడేవారికీ నడుము మీద ఇవి కనిపిస్తాయి.

బిల్లు చదవటం

ఇన్సూరెన్స్ కంపెనీ పంపే కాగితంలో కొన్ని అంకెలు ఉంటాయి. 97010 అంటే హాట్ లేక కోల్డ్ ప్యాక్. మెడికేర్ దీనికి విడిగా డబ్బు ఇవ్వదు. 97014 అంటే థెరపిస్టు పక్కన లేకుండా పెట్టే కరెంటు. మెడికేర్‌లో దీని బదులు జి0283 వాడతారు. 97032 అంటే థెరపిస్టు దగ్గరుండి ఇచ్చే కరెంటు. 97035 అల్ట్రాసౌండ్. 97110 వ్యాయామ చికిత్స. 97140 చేతులతో చేసే చికిత్స. 97032, 97035, 97110, 97140 పదిహేను నిమిషాల లెక్కన ఉంటాయి. మెడికేర్ నియమం ప్రకారం కనీసం ఎనిమిది నిమిషాలు చేస్తేనే ఒక యూనిట్ వెయ్యవచ్చు.

నాలుగైదు విజిట్ల తర్వాత కూడా కాగితం నిండా 97014, 97035 కనిపించి, 97110 దాదాపు లేకపోతే ఎందుకని అడగండి. అడిగే హక్కు మీది. ఇప్పుడు యాభై రాష్ట్రాలలోనూ డాక్టరు రిఫరల్ లేకుండా ఏదో ఒక పరిధిలో థెరపిస్టు దగ్గరికి నేరుగా వెళ్ళవచ్చు. అయితే మీ ఇన్సూరెన్స్ రిఫరల్ అడుగుతుందేమో ముందే కనుక్కోండి. తల్లిదండ్రులకి తీసుకునే విజిటర్ ఇన్సూరెన్స్ సాధారణంగా పాత జబ్బులకి ఇవ్వదు కాబట్టి, వారి విషయంలో ప్రతి విజిట్ విలువైనదే. ఆ సమయం వారు చెయ్యవలసినవి నేర్చుకోవటానికి వాడితే మంచిది. కాపడం ఇంట్లో మనమే పెట్టవచ్చు.

థెరపిస్టుని మూడు ప్రశ్నలు అడగండి: ఈ మోడాలిటీ ఎందుకు పెడుతున్నారు? దీని తర్వాత ఏ వ్యాయామం చేయిస్తారు? దీన్ని ఎప్పుడు ఆపేస్తారు?

ఇక ఇంటికి వచ్చాక అమ్మగారికి ఇలా చెప్పి చూడండి: "ముందు పదిహేను నిమిషాలు నేను కాపడం పెడతానమ్మా, తర్వాత నువ్వు పదిసార్లు కుర్చీలోంచి లేచి కూర్చో." కాపడం కోసమైనా ఒప్పుకుంటారు. ఆరు వారాలు మానకుండా చేయిస్తే, తిరుగు ప్రయాణంలో విమానం మెట్లు ఎక్కేటప్పుడు తేడా ఆవిడకే తెలుస్తుంది.

గమనిక: ఈ వ్యాసం అవగాహన కోసం మాత్రమే. మీ సమస్యకి తగిన చికిత్స కోసం మీ డాక్టరుని, ఫిజికల్ థెరపిస్టుని సంప్రదించండి.